అన్నయ్య వీపు మీద పెట్టె



ఒక కొండను ఊహించుకోండి. చలికాలం. మోకాళ్ల లోతు మంచు. కొండ మీద ఒక చిన్న ఇల్లు. ఆ ఇంట్లో తండ్రి లేడు, పోయాడు. తల్లీ, ఆరుగురు పిల్లలూ ఉన్నారు. పెద్దవాడి పేరు తన్జిరో. బొగ్గులు కాల్చి, గంపకెత్తుకుని, కొండ దిగి ఊళ్లో అమ్మితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఆ రోజు మంచు బాగా కురుస్తోంది. వెళ్లొద్దురా అంది తల్లి. కొత్త సంవత్సరం వస్తోందమ్మా, పిల్లలు కడుపునిండా తినాలి కదా అని తన్జిరో బయల్దేరాడు.

బొగ్గులు అమ్ముడయ్యేసరికి పొద్దుపోయింది. దారిలో ఒక పెద్దాయన ఆపాడు. చీకటిపడితే రాక్షసులు తిరుగుతారు, ఈ రాత్రికి ఇక్కడే పడుకోమన్నాడు. తన్జిరో పడుకున్నాడు. తెల్లవారి ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో నెత్తురు. తల్లి లేదు. తమ్ముళ్లు లేరు. చిన్న చెల్లెలు లేదు. పెద్ద చెల్లెలు నెజుకో ఒంట్లో మాత్రం ఇంకా వెచ్చదనం ఉంది. ఆమెను వీపున వేసుకుని, వైద్యుడి కోసం మంచులో పరుగు తీశాడు. సగం దారిలో చెల్లెలు కళ్లు తెరిచింది.

అవి మనిషి కళ్లు కావు.

నెజుకో రాక్షసిగా మారిపోయింది. అయినా అన్నయ్య ఆమెను వదల్లేదు. ఆ కథాలోకంలో ఎండ తగిలితే రాక్షసులు కాలిపోతారు. అందుకని చెల్లెలి కోసం ఒక చెక్కపెట్టె తయారైంది. పగలంతా ఆమె ఆ పెట్టెలో ముడుచుకుని ఉంటుంది. అన్నయ్య ఆ పెట్టెను వీపుకు కట్టుకుని ఊళ్లు తిరుగుతాడు. చెల్లెల్ని మళ్లీ మనిషిని చేసే మందు కోసం వెతుకుతాడు.

ఈ కథ పేరు డీమన్ స్లేయర్. రాక్షసులను వేటాడేవాడు అని అర్థం. జపాన్‌లో కోయోహారు గోతోగే అనే పేరుతో రాసే రచయిత 2016లో బొమ్మల కథగా మొదలుపెట్టారు. 2019లో యూఫోటేబుల్ అనే స్టూడియో దాన్ని టీవీ ధారావాహికగా తీసింది. కథ జరిగే కాలం తైషో యుగం, అంటే 1912 నుంచి 1926 దాకా. మన దగ్గర గురజాడ చివరి రోజులు గడిచిన కాలమే అది. తోక్యో వీధుల్లో విద్యుద్దీపాలు వెలుగుతుంటాయి. కొండపల్లెల్లో మాత్రం చీకటి ఇంకా పాత చీకటిలాగే ఉంటుంది.

2025 సెప్టెంబరు 12న ఈ కథలోని ఇన్ఫినిటీ క్యాసిల్ అనే సినిమా మన థియేటర్లకు వచ్చింది. జపనీస్, ఇంగ్లీషు, హిందీ, తమిళంతో పాటు తెలుగులోనూ వచ్చింది. మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే ఈ పాటికి మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే ఇవాళ రాత్రి భోజనాల దగ్గర అడిగి చూడండి. అన్నం చల్లారిపోతుంది గానీ వాళ్ల కథ పూర్తికాదు.

ఇంటి తెరమీదికి వస్తున్న సైన్స్ ఫిక్షన్, జానపదం లాంటి ఫాంటసీ, జపాన్ యానిమే — ఇవీ ఇవాళ్టి కబుర్లు. యానిమే అంటే జపాన్‌లో తయారైన యానిమేషన్. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది. యానిమే.

చాలా ఇళ్లలో పెద్దవాళ్లు దీన్ని "బొమ్మల సినిమా" అని పక్కన పెట్టేస్తారు. పిల్లలు చూసుకుంటారులే అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. పసిపిల్లలు చూసే యానిమే ఉంది. కాలేజీ పిల్లలు చూసేది ఉంది. అరవై దాటినవాళ్లు చూసి కళ్లు తుడుచుకునేదీ ఉంది. ఆ మూడో రకం గురించి కాసేపట్లో చెప్పుకుందాం.

అసలు యానిమే మన ఇళ్లకు కొత్త కాదు. 1990ల్లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో మోగ్లీ వచ్చేది గుర్తుందా? తోడేళ్ల మధ్య పెరిగిన కుర్రాడు, ఎలుగుబంటి బాలూ, పులి షేర్‌ఖాన్. ఆ పాట గుల్జార్ రాశారు, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టారు. హిందీ రాని తెలుగు పిల్లలు కూడా ఆ పాట నోటికి పాడేవాళ్లు. ఆ బొమ్మలు గీసింది మాత్రం జపాన్‌లో, నిప్పాన్ యానిమేషన్ అనే సంస్థ. పుస్తకం రాసింది కిప్లింగ్, అడవి మనది, గీత జపాన్‌ది. ఈ సంగతి అప్పట్లో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. మోగ్లీ మన ఊరి కుర్రాడే అనుకున్నారు.

అప్పుడు భాష హిందీ. ఇప్పుడు తెలుగు. ఈ తేడా చాలా పెద్దది. ఎందుకు పెద్దదో చెప్పుకుందాం.

తన్జిరో కథనే తీసుకోండి. ఇంగ్లీషులో అతను నెజుకోకు బ్రదర్. అన్నా బ్రదరే, తమ్ముడూ బ్రదరే. జపనీస్‌లో అలా కుదరదు. అన్నకు ఒక మాట, తమ్ముడికి ఒక మాట. అక్కకు ఒక మాట, చెల్లికి ఒక మాట. అచ్చం మనలాగే. కథ మొత్తం నిలబడింది ఆ తేడా మీదే. తన్జిరో ఒళ్లంతా గాయాలతో, విరిగిన ఎముకలతో పోరాడుతూ తనకు తాను ధైర్యం చెప్పుకుంటాడు. తాను ఇంటికి పెద్దకొడుకు కాబట్టి ఓర్చుకోగలుగుతున్నాననీ, రెండోవాడై ఉంటే ఓర్చుకోలేకపోయేవాడిననీ అనుకుంటాడు. ఇంగ్లీషు అనువాదంలో ఈ మాట విన్న అమెరికా కుర్రాడు ఒక్క క్షణం తికమక పడవచ్చు. పెద్దకొడుకైతే ఏంటి? తెలుగింట్లో ఆ ప్రశ్న పుట్టదు. నాన్న పోయాక ఇల్లు మోసిన పెద్దకొడుకు ప్రతి వీధిలో ఒకడుంటాడు.

మరో సంగతి. జపనీస్ వాక్యంలో క్రియ చివర వస్తుంది. తెలుగులోనూ అంతే. నాయకుడు కత్తి ఎత్తాడు. కింద శత్రువు పడి ఉన్నాడు. నాయకుడు అంటాడు: "నిన్ను ఈ కత్తితో చంప…" అక్కడ ఊపిరి ఆగుతుంది. చంపుతాడా? చంపడా? చివరి అక్షరం దాకా తెలియదు. "చంపను" అని ముగుస్తుంది. ఇంగ్లీషులో ఆ "కాదు" అన్నమాట వాక్యం మొదట్లోనే బయటపడిపోతుంది, ఆ ఉత్కంఠ అక్కడే తీరిపోతుంది. జపాన్ దర్శకుడు ఏ క్షణం కోసం నిశ్శబ్దాన్ని దాచాడో, తెలుగు గొంతు ఆ క్షణానికే మాట పూర్తిచెయ్యగలదు.

ఇంకొకటి, ఇది చెవికి సంబంధించింది, రేడియో వినేవాళ్లకు బాగా పడుతుంది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషు బస్ మన నోట బస్సు అవుతుంది. జపాన్ నోట కూడా చివర ఆ ఉకారం చేరి బసు అవుతుంది. మనం టీ తాగే కప్పును జపాన్‌వాళ్లు ఏమంటారు? కప్పు. అదే మాట. రెండు భాషలకూ చుట్టరికం ఏమీ లేదు, నోటి అలవాటు ఒకటి, అంతే. తన్జిరో, నెజుకో, నరుటో, ఇనోసుకే. యానిమే పాత్రల పేర్లు కూడా చూడండి, అన్నీ అచ్చుతో ఆగుతాయి. తెలుగు నోట ఎక్కడా తట్టుకోవు.

దీనికీ డబ్బింగ్‌కూ సంబంధం ఉంది. యానిమేలో పాత్ర మాట్లాడేటప్పుడు నోటికి సాధారణంగా మూడు బొమ్మలే గీస్తారు. మూసిన నోరు, సగం తెరిచిన నోరు, పూర్తిగా తెరిచిన నోరు. ఎక్కువ యానిమేలకు బొమ్మ తర్వాతే గొంతు. జపాన్‌లో కూడా నటులు తెర చూస్తూ మాట్లాడతారు. అంటే ఒక రకంగా జపనీస్ గొంతు కూడా డబ్బింగే. మాట చివర నోరు తెరుచుకునే భాష అయితే ఆ బొమ్మకు చక్కగా అతుకుతుంది. తెలుగు అలాంటి భాష.

మరోసారి చెప్పుకుందాం. వరసలు కలుస్తాయి, వాక్యం కలుస్తుంది, నోరు కలుస్తుంది. ఇంగ్లీషు మీదుగా చుట్టూ తిరిగి రావడం కన్నా జపనీస్ నుంచి నేరుగా తెలుగులోకి వస్తే ఈ కథలకు దారి దగ్గర.

అయితే ఒక మెలిక ఉంది. మాటలు రాసేవాళ్లు ఇంగ్లీషు అనువాదం ముందు పెట్టుకుని రాస్తే ఈ దగ్గరతనమంతా ఆవిరైపోతుంది. ఇంగ్లీషులో నువ్వన్నా, మీరన్నా ఒక్కటే మాట. తన్జిరో తన గురువు ఉరోకొదాకిని "నువ్వు" అంటాడా? అనడు. చచ్చిపోతున్న రాక్షసుడి చెయ్యి పట్టుకుని కూడా జాలిపడే పిల్లాడు పెద్దల దగ్గర నోరు జారడు. అక్కడ "మీరు" పడాలి. ఎక్కడ "గారు" పెట్టాలి, ఎక్కడ "రా" అనాలి, ఎక్కడ "బాబాయ్" అని పిలిస్తే మనసు కరుగుతుంది — ఇదంతా తెలుగు రాసేవాళ్ల చేతిలోనే ఉంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మన దగ్గర ఈ పనికి గొప్ప వంశమే ఉంది. 1950లో ఆహుతి అనే సినిమా వచ్చింది. తెలుగులో మొదటి డబ్బింగ్ సినిమా అది, హిందీ నుంచి వచ్చింది. దానికి మాటలు, పాటలు రాసింది ఎవరనుకున్నారు? శ్రీశ్రీ. మహాప్రస్థానం రాసిన చేతితోనే ఇంకొకరి పెదవుల కదలికకు తెలుగు మాట కొలిచి వేశారు. ఆ తర్వాత ఎన్నో డబ్బింగ్ చిత్రాలకు రాశారు. పెదవి మూసుకునే చోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి. అర్థం చెడకూడదు. ఛందస్సు కన్నా ఇరుకైన కొలత అది. అంత పెద్ద కవి ఆ ఇరుకులో కూర్చుని పనిచేశాడంటే, డబ్బింగ్ రచనను చిన్నచూపు చూసే హక్కు ఎవరికుంది?

గొంతుల సంగతి కూడా ఒక్క మాట. జపాన్‌లో గాత్రనటుల్ని సేయూ అంటారు. అక్కడ వాళ్లు సినిమా తారలంత ప్రసిద్ధులు. నెజుకోకు గొంతిచ్చిన నటి అకారి కితో. ఆ పాత్ర ఎవర్నీ కరవకుండా నోటికి అడ్డంగా వెదురుముక్క కట్టి ఉంటుంది. అంటే ఎపిసోడ్ల తరబడి మాటలే ఉండవు. మ్మ్, మ్మ్ అనే మూలుగులే. ఆ మూలుగులోనే కోపం, ఆ మూలుగులోనే అన్నయ్య మీద ప్రేమ. రేడియో నాటకాలు విని పెరిగినవాళ్లకు ఆ కష్టం విలువ వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు మన కథకూ జపాన్ గీతకూ ముడిపడిన ఒక సినిమా గురించి. కొంచెం నెమ్మదిగా చెప్పుకోవాల్సిన సంగతి ఇది.

యుగో సాకో అని ఒక జపాన్ చిత్రనిర్మాత ఉండేవారు. 1983లో ఆయన మన దేశం వచ్చారు. పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ జరిపిన తవ్వకాల మీద ఒక డాక్యుమెంటరీ తీయడానికి వచ్చారు. పని మీద వచ్చిన మనిషి రామాయణంలో పడ్డారు. జపనీస్ భాషలో దొరికిన రామాయణాలు ఒకటి కాదు, పది చదివారు. ఈ కథను యానిమేగా తీయాలనుకున్నారు. రాముడు దేవుడు కాబట్టి నటుడికంటే గీసిన బొమ్మే సరిపోతుందని ఆయన నమ్మకం. ఎన్.టి. రామారావు గారిని రాముడిగా చూసి చేతులు జోడించిన తెలుగువాళ్లకు ఈ మాట వెంటనే ఒప్పుకోబుద్ధి కాదు. అయినా ఆయన భక్తిని కాదనలేం.

మన యానిమేషన్‌కు పెద్దదిక్కైన రామ్ మోహన్ ఆయనతో చేతులు కలిపారు. కోయిచి ససాకి మరో దర్శకుడు. వనరాజ్ భాటియా సంగీతం. దాదాపు 450 మంది కళాకారులు, దాదాపు లక్ష బొమ్మలు, అన్నీ చేత్తో గీసినవే. 1992లో రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ అన్న పేరుతో సినిమా తయారైంది.

తయారైంది గానీ అప్పట్లో మన థియేటర్లలో సరైన విడుదల దక్కలేదు. అయోధ్య గొడవలతో దేశం ఉడుకుతున్న రోజులవి. మరి ఆ సినిమా ఎక్కడ బతికింది? ఇళ్లల్లో బతికింది. కార్టూన్ నెట్‌వర్క్‌లో వేశారు. సెలవుల్లో మళ్లీ మళ్లీ వేశారు. హిందీలో రాముడికి అరుణ్ గోవిల్, రావణుడికి అమ్రీష్ పురి గొంతులిచ్చారు. ఒక తరం పిల్లలు అన్నం కంచం ఒళ్లో పెట్టుకుని ఆ సినిమా చూశారు. కుంభకర్ణుడు నిద్రలేచే ఘట్టం గురించి అడగండి, ఇప్పుడు ముప్పయ్యేళ్లు దాటినవాళ్లు చేతులు ఊపుతూ చెబుతారు.

యుగో సాకో 2012లో కన్నుమూశారు. 2025 జనవరి 24న ఆ సినిమా కొత్తగా శుభ్రమై మన థియేటర్లకు వచ్చింది. ఈసారి తెలుగులోనూ వచ్చింది. ఆ కొత్త కూర్పులో మన విజయేంద్ర ప్రసాద్ గారి చెయ్యి ఉంది. ముప్పై ఏళ్లకు పైగా ఇంటి తెర కాపాడిన సినిమాను చివరికి పెద్ద తెర పిలిచి కూర్చోబెట్టింది.

ఇంటి తెర అలాంటి పనులు ముందు కూడా చేసింది. 1982లో బ్లేడ్ రన్నర్ అనే అమెరికా సినిమా థియేటర్లలో దెబ్బతింది. క్యాసెట్లలో మాత్రం నిలబడింది. ఇవాళ సైన్స్ ఫిక్షన్ గురించి ఎవరు మాట్లాడినా ఆ పేరు రాకుండా ఉండదు. జపాన్‌లో 1983లో మమొరు ఒషీ దర్శకత్వంలో డల్లోస్ అనే కథ వచ్చింది. చంద్రుడి మీద గనుల్లో పనిచేసే మనుషుల తిరుగుబాటు. అది థియేటర్ కోసం కాదు, టీవీ కోసం కాదు, నేరుగా క్యాసెట్ కోసమే తీసిన మొదటి యానిమే. అదే ఒషీ 1995లో ఘోస్ట్ ఇన్ ద షెల్ తీశారు. శరీరమంతా యంత్రమై, మెదడొక్కటే తనదైన ఒక పోలీసు అధికారిణి, నేనెవరు అని అడిగే కథ. మరుసటి ఏడాది అమెరికాలో వీడియో అమ్మకాల్లో అది మొదటి స్థానానికి వెళ్లింది. మేట్రిక్స్ తీసిన దర్శకులు దాన్ని చూసి ఉప్పొంగినవాళ్లే.

మన ఊళ్లలో ఆ రోజులు వేరే రకంగా గుర్తుంటాయి. టీవీ, డెక్కు అద్దెకు తెచ్చేవాళ్లు. ఒక రాత్రికి మూడు క్యాసెట్లు. వాకిట్లో చాపలు. మొదటి సినిమాకు వీధి వీధంతా ఉండేది, మూడో దానికి తెల్లవారేసరికి ఇద్దరు మేలుకునేవాళ్లు. అలాంటి రాత్రుల్లో, ఆ తర్వాత టీవీలో, ఎన్నిసార్లు చూశారో లెక్కలేని సినిమా ఆదిత్య 369. సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో తీశారు. కాలయంత్రం ఎక్కితే ఒకసారి 1526లో కృష్ణదేవరాయల కొలువు, ఇంకోసారి 2504. ఆ సినిమా కూడా 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రింటుతో మళ్లీ వచ్చింది. నాగ్ అశ్విన్ తన భవిష్యత్ కథ కల్కి 2898 ఏడీ తీయబోతూ మార్గదర్శిగా ఎవర్ని పిలిచారు? ఆ సింగీతం గారినే. కల్కి 2024 జూన్‌లో థియేటర్లకు, ఆగస్టులో ఇంటి తెరకు వచ్చింది. అందులో బుజ్జి అనే కారుకు కీర్తి సురేశ్ గొంతు. విడుదలకు ముందే ఆ బుజ్జితో యానిమేషన్ ఎపిసోడ్లు వచ్చాయి. పిల్లలు ముందు బుజ్జితో స్నేహం చేసి, ఆ తర్వాత సినిమాకు వెళ్లారు.

ఇక అరవై దాటినవాళ్లు కళ్లు తుడుచుకునే కథ అన్నాం కదా. దాని పేరు ఫ్రీరెన్. 2023 సెప్టెంబరులో జపాన్‌లో మొదలైంది. మ్యాడ్‌హౌస్ స్టూడియో తీసింది.

జానపద కథలన్నీ ఎక్కడ ముగుస్తాయి? రాజకుమారుడు మాంత్రికుణ్ణి చంపుతాడు, ఊరేగింపు, శుభం. ఫ్రీరెన్ ఆ శుభం కార్డు దగ్గర మొదలవుతుంది. నలుగురు స్నేహితులు పదేళ్లు ప్రయాణం చేసి దయ్యాల రాజును చంపి వచ్చారు. అందులో ఫ్రీరెన్ ఒక మంత్రగత్తె. ఆమె మనిషి కాదు, వెయ్యేళ్లు దాటి బతికిన ఎల్ఫ్ జాతి పిల్ల. ఆమెకు పదేళ్లంటే మనకు పది రోజుల్లాంటివి. ఆ రాత్రి ఆకాశంలో ఉల్కలు రాలుతున్నాయి. అవి యాభై ఏళ్లకొకసారి వస్తాయి. ఈసారి ఇంకా బాగా కనపడే చోటికి తీసుకెళ్తాను, కలుద్దాం అని చెప్పి ఆమె వెళ్లిపోయింది. ఏ రేపో ఎల్లుండో అన్నట్టు చెప్పింది.

యాభై ఏళ్ల తర్వాత వచ్చింది. ఆమె అలాగే ఉంది. నాయకుడు హిమ్మెల్ ముసలివాడయ్యాడు. బట్టతల వచ్చింది, నడుం కుంగింది. నలుగురూ కలిసి ఉల్కలు చూశారు. కొన్నాళ్లకు హిమ్మెల్ పోయాడు. అంత్యక్రియల దగ్గర జనం అంటున్నారు, చూడు, ఆమె కంట నీటిచుక్క లేదు అని. మట్టి వేస్తుంటే అప్పుడు ఆమెకు తెలిసింది. పదేళ్లు పక్కపక్కన నడిచిన మనిషి గురించి తనకేమీ తెలియదని. తెలుసుకునే ప్రయత్నమే చేయలేదని. అప్పుడు ఏడ్చింది.

ఇది మొదటి ఎపిసోడ్ మాత్రమే. మిగతా కథంతా ఆమె ఆ పాతదారిలో మళ్లీ నడవడం. పక్కన ఫెర్న్ అనే చిన్న శిష్యురాలు. ఒక ఊళ్లో హిమ్మెల్ విగ్రహం ఉంటుంది. అతని సొంతూరి నీలిపువ్వు ఒకటి ఆ విగ్రహం పక్కన పూయించాలని, అంతరించిపోయిందనుకున్న ఆ పువ్వు కోసం ఫ్రీరెన్ నెలల తరబడి వెతుకుతుంది. కత్తులు తక్కువ, మంటలు తక్కువ. ఒక పువ్వు కోసం వెతకడమే ఎపిసోడంతా. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య ఉంటే ఈ కథను వాళ్లతో కూర్చుని చూడాలి. పోయిన స్నేహితుడి గురించి వాళ్లు మాట్లాడటం మొదలుపెడితే టీవీ ఆపెయ్యండి, ముందు వాళ్ల మాట వినండి.

భాషతో పనే లేని సినిమా కావాలంటే ఫ్లో ఉంది. లాత్వియా అనే చిన్న దేశం నుంచి వచ్చింది. దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్. 2025లో యానిమేషన్ ఆస్కార్ గెలిచింది. ఎవరికైనా ఉచితంగా దొరికే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌తో తీశారు. వరద వచ్చి లోకం మునిగిపోతుంది. ఒక పిల్లి, ఒక కుక్క, ఒక లీమర్, ఒక పెద్ద పక్షి, ఎలుకజాతికి చెందిన కపిబారా అనే పెద్ద జంతువు, అన్నీ ఒకే పడవలో. మనుషులు లేరు. ఒక్క మాట లేదు. శబ్దాలన్నీ నిజమైన జంతువులవి. కపిబారా గొంతు మరీ సన్నగా ఉండి పాత్రకు నప్పలేదట. దాని బదులు ఒంటె పిల్ల అరుపు వాడారు. ఆ ఒక్క సంగతి కోసమైనా కళ్లు మూసుకుని కాసేపు ఆ సినిమా వినవచ్చు.

పెద్ద చప్పుడు కావాలనుకునేవాళ్లకు గాడ్జిల్లా మైనస్ వన్. తకాషి యమజాకి తీసిన జపాన్ సినిమా, 2024లో విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ తెచ్చుకుంది. గ్రాఫిక్స్ చేసినవాళ్లు 35 మంది. యుద్ధంలో చావలేక బతికి వచ్చిన పైలట్ సిగ్గు ఆ కథకు గుండెకాయ. రాక్షస బల్లి దాని చుట్టూ తిరుగుతుంది.

ఇప్పుడు ఇంటి పని. మాయాబజార్‌లో ప్రియదర్శిని పేటిక గుర్తుంది కదా. మూత తీస్తే చూసినవాళ్లకు ప్రియమైనది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు. ఇప్పటి ఓటీటీలు అలాంటివే. నిన్న ఏది చూశారో, ఇవాళ అలాంటిదే ముందు పెడతాయి. వంటల వీడియోలు చూసే ఇంట్లో ఫ్రీరెన్ తనంతట తాను కనిపించదు. పేరు వెతకాలి. అందుకే ఇవాళ పేర్లు ఇన్నిసార్లు చెప్పడం.

తెలుగు గొంతు కూడా అడిగితేనే వస్తుంది. క్రంచీరోల్ అనే యానిమే వేదికలో సోలో లెవలింగ్, జుజుత్సు కైసెన్, స్పై ఫ్యామిలీ వంటివి తెలుగులో ఉన్నాయి. సోలో లెవలింగ్ కొరియా కథ, జపాన్ గీత, తెలుగు మాట. అందరికన్నా బలహీనుడైన ఒక వేటగాడు, ఆస్పత్రిలో ఉన్న తల్లి కోసం ప్రాణాలకు తెగిస్తాడు. బొమ్మ మొదలయ్యాక భాష మార్చే గుర్తు నొక్కి చూడండి. తెలుగు ఉంటే అక్కడ కనిపిస్తుంది. చాలామంది ఆ గుర్తు నొక్కకుండానే, మనకు అర్థం కాదులే అని కట్టేస్తున్నారు.

పిల్లలున్న ఇళ్లకు ఒక జాగ్రత్త. బొమ్మలే కదా అని వదిలెయ్యకండి. డీమన్ స్లేయర్‌లో నెత్తురుంది. జుజుత్సు కైసెన్‌లో ఇంకా ఎక్కువ. 2021 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఓటీటీలో ప్రతిదానికీ వయసు గుర్తు ఉండాలి. ఏడేళ్లు, పదమూడు, పదహారు, ఆ పైన పెద్దలకు మాత్రమే. తెర మీద ఓ మూల కనిపిస్తుంది. పదమూడు, ఆ పైబడిన వాటికి తాళం వేసుకునే వీలు కూడా ఇవ్వాలి. మొదటి ఎపిసోడ్ పిల్లల పక్కన కూర్చుని చూడండి. ఇరవై నాలుగు నిమిషాలు పడుతుంది.

మళ్లీ ఆ చెక్కపెట్టె దగ్గరికి వద్దాం. డీమన్ స్లేయర్‌లో జెనిత్సు అని ఇంకో కుర్రాడున్నాడు. మహా పిరికి. కానీ వాడి చెవులు గొప్పవి. మనిషి గుండె చప్పుడు విని మంచివాడో చెడ్డవాడో చెప్పగలడు. తన్జిరో వీపు మీది పెట్టెలో రాక్షసి ఉందని వాడికి మొదటి రోజే తెలిసిపోయింది. వినపడింది. ఒకరోజు తన్జిరో దగ్గర లేడు. ఇనోసుకే అనే మొరటువాడు కత్తులు తీసుకుని, పెట్టెలో రాక్షసి ఉంది, పొడిచేస్తాను అని వచ్చాడు. ఆ పిరికివాడు పరిగెత్తుకెళ్లి పెట్టెను కావలించుకున్నాడు. తన్నాడు ఇనోసుకే. కొట్టాడు. నెత్తురు కారుతున్నా జెనిత్సు లేవలేదు. ఈ పెట్టె తన ప్రాణం కన్నా ఎక్కువని తన్జిరో చెప్పాడు. తన్జిరో లోపలి నుంచి వాడికి ఎప్పుడూ ఒక శబ్దం వినపడుతుంది, కన్నీళ్లు తెప్పించేంత మెత్తటి శబ్దం. అలాంటి మనిషి రాక్షసిని ఎందుకు దాచుకున్నాడో వాడు అడగలేదు. పెట్టె మీద నుంచి చెయ్యి తీయలేదు.